బండి వెనక ఇల్లు

మన దగ్గర క్యారవాన్ అనగానే షూటింగ్ స్పాట్‌లో చెట్టు నీడన ఆగి ఉండే ఏసీ బస్సు గుర్తొస్తుంది. ఆస్ట్రేలియాలో ఆ మాటకు అర్థం వేరు. దానికి ఇంజను ఉండదు, స్టీరింగ్ ఉండదు. రెండో నాలుగో చక్రాల మీద నిలబెట్టిన చిన్న ఇల్లు అది. లోపల మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్. ముందువైపు ఒక ఇనప నొగ, దాని కొసన బోర్లించిన గిన్నెలాంటి కొక్కెం. కారు వెనక బిగించిన ఉక్కు బంతి మీద ఆ గిన్నెను కూర్చోబెట్టి లాక్ చేస్తే ఇల్లు కారు వెంట కదులుతుంది. ఈస్టర్ సెలవుల్లో, డిసెంబరు-జనవరి ఎండల్లో మెల్‌బోర్న్ నుంచి బయటికి పోయే ఏ హైవే చూసినా ఇవే బారులు. రిటైరైనవాళ్లయితే నెలల తరబడి దేశం చుట్టూ తిరుగుతారు. ఖండాన్ని చుట్టి వచ్చే ఒకటో నంబరు హైవే పొడవు దాదాపు 14,500 కిలోమీటర్లు.

టార్నీట్, పాయింట్ కుక్ లాంటి మెల్‌బోర్న్ పడమటి శివార్లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఈ అలవాటు అబ్బింది. పిల్లలు చిన్నప్పుడు టెంటు. తర్వాత కప్పు పైకి లేచే చిన్న క్యారవాన్. పిల్లలు ఎదిగాక బంకు మంచాలున్న పెద్దది. చిక్కంతా ఈ మూడో మెట్టు దగ్గరే. ఇల్లు పెద్దదవుతుంది, లాగే బండి మాత్రం పాతదే ఉంటుంది.

మా బావ సంగతీ అంతే. 1,700 కిలోల చిన్నదానితో నాలుగేళ్లు తిరిగి, పోయినేడు పెద్దది కొనాలనుకున్నాడు. ఆయన బండి యూట్. ముందు ఐదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సామాను తొట్టి ఉన్న పికప్‌ను అక్కడ అలా పిలుస్తారు. అమ్మకాల దుకాణంలో, "మీ బండి మూడున్నర టన్నులు లాగుతుంది, ఈ క్యారవాన్ మూడున్నర టన్నులే" అన్నారట. ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు.

"ఏరా, మూడున్నరకి మూడున్నర. ఇంకేం చూడాలి?"

"డబ్బు కట్టకు బావా. శనివారం సామానంతా సర్దుకుని, అక్కనీ పిల్లల్నీ ఎక్కించుకుని రా. ముందు నీ బండిని కాటా వేయిద్దాం" అన్నాను.

బ్రోషరులో అచ్చయ్యే ఆ మూడున్నర టన్నుల్లాంటి అంకె ఎలా పుడుతుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. యూరప్ నిబంధనల ప్రకారం పూర్తి బరువుతో ఉన్న కారూ ట్రైలరూ కలిసి 12 శాతం వాలు మీద, అంటే 100 మీటర్లు పోయేసరికి 12 మీటర్లు లేచే రోడ్డు మీద, ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి మళ్లీ ఎత్తుకోగలగాలి. క్లచ్చు, గేర్‌బాక్సు, ఇంజను ఆ శ్రమకు ఓర్చుకుంటాయా అన్నదే ఆ పరీక్ష. అమెరికాలో వాహన ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ తయారుచేసిన జె2807 ప్రమాణం ఇంతకంటే విస్తారమైనది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి పొడవాటి ఎక్కుడును కొలబద్దగా తీసుకుని, ఏసీ పూర్తిగా నడుస్తుండగా ఎక్కిస్తారు. బ్రేకులూ, వెనకబండి ఊగుడూ కూడా చూస్తారు. ఏ పద్ధతిలో తేలినా అది పైహద్దు. నలుగురు మనుషులు, ముందు బుల్‌బార్, కప్పు మీద టెంటు, తొట్టిలో అదనపు బ్యాటరీ ఉన్న మీ బండికి ఆ అంకె యథాతథంగా వర్తించదు.

బండ్లకు గుర్రాలు కట్టిన కాలంలో ఈ భ్రమకు చోటు లేదు. విహారం కోసమే కట్టించిన తొలి క్యారవాన్‌గా చెప్పుకునే 'వాండరర్' 1885లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో తయారైంది. గోర్డన్ స్టేబుల్స్ అనే రిటైర్డ్ నౌకాదళ వైద్యుడు దానికి రెండు గుర్రాలు కట్టి స్కాట్లండ్ దాకా వెళ్లాడు. బరువు ఎక్కువైతే గుర్రం రొప్పుతుంది, చెమట కక్కుతుంది, వాలు మధ్యలో నిలబడిపోతుంది. ఇవాళ్టి టర్బో డీజిల్ ఇంజను ఏ ఫిర్యాదూ చేయకుండా మూడు టన్నులను 110 మీద లాక్కుపోతుంది. లాగుడు అంత తేలికైపోవడం వల్లే ఆపడం, నిలదొక్కుకోవడం అనే రెండు పనులూ డ్రైవరు దృష్టి నుంచి జారిపోతాయి.

శనివారం పొద్దున్న పారిశ్రామికవాడలో ఇసుక లారీలు తూచే పబ్లిక్ వేబ్రిడ్జికి వెళ్లాం. అక్క, ఇద్దరు పిల్లలు, నాలుగు రోజుల యాత్రకు సరిపడా సామాను, నిండా డీజిలు. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒక తూకం, తర్వాత బండి మొత్తం పెట్టి ఇంకో తూకం. చీటీ మీద వచ్చినవి ఇవి: ముందు ఇరుసు 1,300 కిలోలు, వెనక ఇరుసు 1,450, మొత్తం 2,750. పుస్తకంలో బండి బరువు 2,200 అని ఉంది. మిగతా 550 కిలోలూ మనుషులు, సామాను, షోరూమ్ నుంచి వచ్చాక ఒక్కొక్కటిగా బిగించుకున్న అలంకారాలు.

"ఇంత బరువు ఎప్పుడెక్కిందిరా!" అన్నాడు బావ. ఒక్కరోజులో ఎక్కింది కాదు. బుల్‌బార్ ఒక ఏడు, తొట్టి మీది మూత ఒక ఏడు, రెండో బ్యాటరీ, డ్రాయర్లు, బండి ఇరుక్కుంటే బయటికి లాగే రికవరీ సామాను. దేనికదే చిన్నది.

ఆ బండి తలుపు స్తంభం మీది పలకలోనూ, మాన్యువల్లోనూ కలిపి నాలుగు హద్దులున్నాయి. బండి ఒక్కటే మోయగల గరిష్ఠ బరువు జీవీఎం: 3,200 కిలోలు. బండీ క్యారవానూ కలిసి దాటకూడని బరువు జీసీఎం: 6,000. వెనక ఇరుసు హద్దు 1,850. లాగగల బరువు 3,500. అమ్మేవాళ్లు నాలుగో అంకె ఒక్కటే చదివారు. జీసీఎం 6,000లోంచి క్యారవాన్ 3,500 తీసేస్తే బండికి మిగిలేది 2,500. బావ బండి అప్పటికే 2,750. అంటే ఇంటి ముందు నుంచి కదలకముందే 250 కిలోలు ఎక్కువ. మూడున్నర టన్నులు లాగాలంటే పిల్లల్నీ, సామాన్లనీ ఇంట్లో వదిలేసి వెళ్లాలి.

జీసీఎం లెక్క కూడికలు, తీసివేతలతో తేలిపోతుంది. వెనక ఇరుసు సంగతి అలా కాదు, అక్కడ తులాదండం ఉంది.

ఆస్ట్రేలియాలో క్యారవాన్ మొత్తం బరువులో దాదాపు పదోవంతు ఉక్కు బంతి మీద ఆనేలా చూసుకోమంటారు. 3,500 కిలోలకు అది 350. ఈ 350 బంతి మీద పడుతుంది, బంతేమో వెనక ఇరుసుకు ఇంకా 1.24 మీటర్లు వెనక ఉంది. బండి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 3.1 మీటర్లు. వెనక ఇరుసును ఆనుడుబిందువు అనుకుంటే బంతి మీది బరువు తోకను కిందికి నొక్కి ముక్కును లేపుతుంది. లేచే బరువు 350 ఇంటూ 1.24 బై 3.1, అంటే 140 కిలోలు. ముందు ఇరుసు 1,300 నుంచి 1,160కి తగ్గుతుంది. ఆ 140 ఎక్కడికీ పోదు, బంతి మీది 350తో కలిసి వెనక ఇరుసు మీదికే వస్తుంది. 1,450కి 490 కలిస్తే 1,940. హద్దు 1,850. చూశారా, బండి మొత్తం 3,100 కిలోలే అయింది, 3,200 హద్దులోపే ఉంది. వెనక ఇరుసు మాత్రం 90 కిలోలు మించిపోయింది. జీవీఎం ఒక్కటే చూసి సరేననుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ముందు చక్రాల మీద తగ్గిన బరువు ఇంకా పెద్ద విషయం. స్టీరింగ్ తిప్పేది వాటితోనే, బ్రేకు బలంలో ఎక్కువ భాగం వచ్చేదీ వాటినుంచే. చెరకు లోడుతో గట్టు ఎక్కుతున్న ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేవడం మన ఊళ్లలో చూసినవాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పక్కర్లేదు. కారులో చక్రాలు లేవవు కానీ పట్టు సడలుతుంది. తోక దిగిపోయిందని చాలామంది వెనక స్ప్రింగుల దగ్గర ఎయిర్ బ్యాగులు పెట్టి గాలి కొట్టిస్తారు. బండి మళ్లీ సమంగా కనపడుతుంది. కనపడటమే తప్ప ముందు ఇరుసుకు ఒక్క కిలో కూడా తిరిగి రాదు. తిరిగి రావాలంటే కొక్కెం దగ్గర స్ప్రింగు కడ్డీలతో బరువును ముందుకు నెట్టే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కావాలి. దాన్ని కొన్ని కార్ల కంపెనీలు ఒప్పుకోవు, మాన్యువల్ చూసుకోవాలి.

మరి బంతి మీద బరువు లేకుండా, క్యారవాన్‌ను దాని ఇరుసు మీదే సరిగ్గా తూగేలా సర్దితే పోలేదా? ఎడ్లబండి తోలిన రైతును అడగండి. ధాన్యం బస్తాలు వేశాక ఎడ్లను కట్టేముందు ఆయన కాడిని చేతులతో ఎత్తి చూస్తాడు. మరీ బరువుగా ఉంటే ఎడ్ల మెడలు పుళ్లు పడతాయి. మరీ తేలికైతే ఎత్తు ఎక్కేటప్పుడు బండి వెనక్కి వాలి, కాడి లేచి, మెడతాళ్లు గొంతుకు బిగుస్తాయి. ఒక బస్తా ముందుకో వెనక్కో జరిపి సరిచేస్తాడు. రెండు చక్రాల బండికి నొగ మీద కొంత బరువు ఉండి తీరాలన్న ఈ ఎరుకే హైవే మీద ఇంకో కారణంతో ప్రాణాధారమవుతుంది. ఎడ్లబండి నడిచే వేగంలో ఆ కారణం బయటపడదు. గంటకు 90 కిలోమీటర్ల దగ్గర బయటపడుతుంది.

పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయింది అనుకుందాం. దాని ముందు గాలి క్యారవాన్ తోకను పక్కకు నెడుతుంది. ముక్కు బంతికి బంధించి ఉంది కాబట్టి ఇల్లంతా బంతి చుట్టూ కొద్దిగా తిరుగుతుంది. ఇప్పుడు టైర్లు చూస్తున్న దిక్కు ఒకటి, పోతున్న దిక్కు ఇంకొకటి. ఆ రెంటి మధ్య కోణం వచ్చేసరికి రోడ్డు టైర్లను పక్కనుంచి నెట్టి మధ్యకు తెస్తుంది. బరువైన ఇల్లు మధ్యలో ఠక్కున ఆగదు, అటువైపుకు దాటిపోతుంది. మళ్లీ టైర్లు వెనక్కి తెస్తాయి. ఇది ఉయ్యాల. దాని ఊపు ఆగాలంటే ప్రతి ఊపులోనూ కొంత శక్తిని ఏదో ఒకటి తినేయాలి.

ఆ తినే పని చేసేదీ టైర్లే. ఇరుసు సెకనుకు ఒక మీటరు చొప్పున పక్కకు జరుగుతోంది అనుకోండి. బండి వేగం గంటకు 50 కిలోమీటర్లయితే సెకనుకు దాదాపు 14 మీటర్లు ముందుకు పోతోంది. 14 మీటర్ల ముందుకు ఒక మీటరు పక్కకు, అంటే సుమారు 4 డిగ్రీల కోణం. ఆ కోణం మేరకు రోడ్డు ఎదురు నిలుస్తుంది, ఊపు చస్తుంది. ఇదే పక్క ఊపు గంటకు 100 దగ్గర జరిగితే 28 మీటర్లకు ఒక మీటరు. కోణం 2 డిగ్రీలకు పడిపోతుంది. ఎదురు నిలిచే బలమూ సగమే. వేగం రెట్టింపైతే ఉయ్యాలను మధ్యకు లాగే బలం తగ్గదు, ఊపును చంపే బలం మాత్రం సగమవుతుంది. ఈ ఒక్క వాక్యంలో ఉన్న విషయం అర్థమైతే క్యారవాన్ ప్రమాదాల సగం రహస్యం అర్థమైనట్టే.

రెండో సగం కారులో ఉంది. క్యారవాన్ ఊగిన ప్రతిసారీ బంతిని పక్కకు లాగుతుంది. బంతి కారు వెనక ఇరుసుకు దూరంగా ఉంది కనుక ఆ లాగుడు కారు తోకనూ తిప్పుతుంది. కారు తిరిగితే బంతి ఇంకాస్త జరిగి క్యారవాన్‌కు కొత్త ఊపు అందుతుంది. బరువైన క్యారవాన్, తేలిక కారు, బంతికీ వెనక ఇరుసుకూ మధ్య ఎక్కువ దూరం: ఈ మూడూ కలిస్తే ఊపు ఎక్కువ. తొట్టి మధ్యలో, దాదాపు వెనక ఇరుసు మీదే కొక్కెం పెట్టే ఫిఫ్త్ వీల్ ట్రైలర్లు అంత నిలకడగా ఉండటానికి కారణం ఆ దూరం లేకపోవడమే.

ఒకానొక వేగం దగ్గర కారు ఇచ్చే ఊపూ టైర్లు తినే ఊపూ సమానమవుతాయి. అవధి వేగం అందాం దాన్ని. దానికి కిందనుంటే ఊగుడు రెండు మూడు ఊపుల్లో చల్లారుతుంది. దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. పాములా మెలికలు తిరుగుతూ పోయి ఇల్లు బోల్తా పడుతుంది, కారునూ ఈడ్చుకుపోతుంది. భయపెట్టే విషయం ఏమిటంటే, గాలి లేని రోజున అవధి వేగానికి అయిదు కిలోమీటర్ల కింద ఉన్నా, నలభై కిలోమీటర్ల కింద ఉన్నా డ్రైవరుకు సీట్లో ఒకేలా ఉంటుంది. నాలుగేళ్లుగా నడుపుతున్నాను, ఏమీ కాలేదు అన్న మాట అందుకే సాక్ష్యంగా చెల్లదు. దిగుడు వాలు, అడ్డగాలి, దాటిపోయే లారీ మూడూ కలిసిన రోజు ఇంకా రాలేదని మాత్రమే దాని అర్థం.

ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు దీన్ని కొలిచి చూశారు. బరువులను, ఇరుసును ఎటు కావాలంటే అటు జరిపే వీలున్న ట్రైలర్ ఒకటి తయారుచేసి కారు వెనక పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. నిలకడను బాగా మార్చేవి మూడని తేలింది: బంతి మీది బరువు, ఇరుసు స్థానం, బరువు ఇరుసుకు ఎంత దూరాన పరుచుకుని ఉందన్నది. ట్రైలర్ మొత్తం బరువుకు, ఒక్కదాన్నే తీసుకుంటే, అంత ప్రభావం కనపడలేదు.

ఇది చదివి బరువు ఎంతైనా ఫరవాలేదు అనుకుంటే పొరపాటే. మూడో అంశాన్ని చేత్తో పట్టి చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఒక చీపురు కర్ర, రెండు లీటరు నీళ్ల సీసాలు తీసుకోండి. కర్రను మధ్యలో పట్టుకుని, సీసాలను చేతికి రెండు పక్కలా పది సెంటీమీటర్ల దూరంలో తాడుతో కట్టి, కర్రను అటూ ఇటూ తిప్పండి. ఇట్టే తిరుగుతుంది, ఆపితే ఇట్టే ఆగుతుంది. ఇప్పుడు సీసాలను అరవై సెంటీమీటర్ల దూరానికి జరపండి. బరువు అవే రెండు కిలోలు, తూకం మధ్యలోనే ఉంది. కానీ తిప్పడానికి మణికట్టు నొప్పెడుతుంది, తిరగడం మొదలయ్యాక ఆపడం ఇంకా కష్టం. దూరం ఆరు రెట్లయితే తిరుగుడు జడత్వం 36 రెట్లు. క్యారవాన్ ముందు పెట్టెలో పనిముట్లు, వెనక బంపరు మీద రెండు స్పేర్ టైర్లు, సైకిళ్లు కట్టుకుని, బంతి బరువు సరిగ్గానే ఉందని సంతోషించేవాళ్లు కర్ర కొసలకు సీసాలు కట్టుకున్నట్టే.

బరువైన క్యారవాన్ దాదాపు ఎప్పుడూ పొడవైన క్యారవాన్ కూడా. 1,700 కిలోలు, నాలుగున్నర మీటర్ల పెట్టె నుంచి 3,500 కిలోలు, ఏడు మీటర్ల పెట్టెకు మారితే బరువు రెట్టింపు అవుతుంది. బరువు సమంగా పరుచుకుందని అనుకుని లెక్కేస్తే తిరుగుడు జడత్వం అయిదు రెట్లవుతుంది. బావ కొనబోయింది రెట్టింపు బరువని ఆయన అనుకున్నాడు. బండి ఆపాల్సింది అయిదు రెట్ల ఊపును.

బ్రిటన్‌లో క్యారవాన్ సంఘాలు కొత్తవాళ్లకు ఒక సూత్రం చెబుతాయి: క్యారవాన్ పూర్తి బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం లోపు ఉండాలి, ఎంత అనుభవమున్నా 100 దాటకూడదు. చట్టం కాదు, సలహా. బావ బండికి ఆ లెక్క వేస్తే వచ్చేది 1,870 కిలోలు. ఆయన పాత క్యారవాన్ ఆ గీతలోపే ఉంది. ఆస్ట్రేలియాలో ఈ సూత్రాన్ని పాటించేవాళ్లు అరుదు. అక్కడి రోడ్లకు తగ్గట్టు గట్టిగా కట్టే క్యారవాన్లు బరువెక్కువ. బ్రిటన్‌లో బంతి మీద 5 నుంచి 7 శాతం చాలంటే ఆస్ట్రేలియాలో 10 అడుగుతారు. అయినా నా మట్టుకు నాకు ఆ 85 ఒక హెచ్చరిక గీతలా పనికొస్తుంది. దాన్ని దాటితే నేరమేమీ కాదు. దాటినకొద్దీ తూకం, సర్దుబాటు, వేగం విషయంలో తప్పు చేసే వెసులుబాటు తగ్గిపోతుంది.

వేగం మాటకొస్తే, బ్రిటన్‌లో క్యారవాన్ లాగే కార్లకు మోటార్‌వేల మీద గంటకు 60 మైళ్లే హద్దు, అంటే 97 కిలోమీటర్లు. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలో 100. ఆరు టన్నుల జోడీ గంటకు 100 దగ్గర మోసుకుపోయే శక్తి 2.3 మెగాజౌళ్లు. 80కి తగ్గితే అది 1.5. వేగం అయిదోవంతు తగ్గితే బ్రేకులు మింగాల్సిన వేడి మూడోవంతుకు పైగా తగ్గుతుంది. అవధి వేగానికీ మీకూ మధ్య ఎడమూ పెరుగుతుంది. పైసా ఖర్చు లేని భద్రత ఇది.

ఊగుడు మొదలైతే చేయాల్సింది మన చేతులు చేయాలనుకునేదానికి విరుద్ధం. స్టీరింగును ఎదురు తిప్పి సరిచేయబోతే మనిషి స్పందన ఎప్పుడూ కొంచెం ఆలస్యం. ఆ ఆలస్యంతో మన తిప్పుడు ఊపుతో కలిసిపోయి ఉయ్యాలను నెట్టినట్టవుతుంది. బ్రేకు గట్టిగా తొక్కితే వెనకున్న మూడు టన్నులు కారును తోస్తాయి. స్టీరింగును నేరుగా పట్టుకుని యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసేయాలి. ఆస్ట్రేలియాలో పెద్ద క్యారవాన్లకు కరెంటు బ్రేకులుంటాయి: చక్రం డ్రమ్ములో విద్యుదయస్కాంతం డ్రమ్మును పట్టి బ్రేకు వేస్తుంది. డ్యాష్‌బోర్డు మీది కంట్రోలర్ మీటను చేత్తో కొద్దిగా నొక్కితే క్యారవాన్ బ్రేకులు మాత్రమే పడతాయి, వెనకది ముందుదాన్ని సాగదీసినట్టు లాగి ఊపు చల్లారుతుంది. ఆ మీట ఎక్కడుందో ఇంట్లో డ్రైవింగ్ చేసే ప్రతి ఒక్కరికీ కళ్లు మూసుకున్నా తెలియాలి. కుడి ఎడమ చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి ఊగుడును అణిచే ఎలక్ట్రానిక్ పరికరాలూ ఉన్నాయి, మంచివే. అవి ఊగుడు మొదలయ్యాక పని చేస్తాయి. తప్పుగా సర్దిన బరువును అవి సర్దలేవు.

ఆస్ట్రేలియా చట్టం 750 కిలోలు దాటిన ట్రైలరుకు బ్రేకులు తప్పనిసరి అంటుంది. 2,000 దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు ఉండాలి. కొక్కెం ఊడితే వాటంతట అవే పడే ఏర్పాటు కూడా ఉండాలి. పోలీసులు హైవే పక్కన ఆపి తూకం వేయడం కద్దు. హద్దు మించితే జరిమానా సరే, ప్రమాదం జరిగితే బీమా చెల్లకపోయే అవకాశం ఉంది. ఇవన్నీ బావకు చెప్పాను కానీ, ఆయన మనసు మార్చింది వేబ్రిడ్జి చీటీయే.

చివరికి కొన్నది ఏటీఎం 2,900 కిలోలది. ఇక్కడ ఏటీఎం అంటే క్యారవాన్ తనంతట తాను నిలబడినప్పుడు దాటకూడని మొత్తం బరువు. తొట్టి డ్రాయర్లు విప్పేశాడు, కప్పు మీది టెంటు అమ్మేశాడు. క్యారవాన్ సామాను అక్క సర్దింది. బియ్యం సంచి, పప్పుల డబ్బాలు, రుబ్బే గ్రైండరు ఇరుసు మీద నేల మట్టాన. మంచం బట్టలు, చిప్స్ ప్యాకెట్లు పైఅలమరల్లో. వెనక బంపరు మీద ఏమీ లేదు.

బంతి బరువును ఇంట్లోనే చూశాం. బాత్రూమ్ తూకం యంత్రం 150 కిలోల దాకే చూపిస్తుంది కాబట్టి తులాదండం కట్టాం. గట్టి దుంగ ఒక కొస ఇటుక మీద, ఇంకో కొస తూకం యంత్రం మీద. ఇటుకకు 30 సెంటీమీటర్ల దూరంలో క్యారవాన్ కొక్కెం, 90 సెంటీమీటర్ల దూరంలో యంత్రం. అప్పుడు యంత్రం మీద పడేది అసలు బరువులో మూడోవంతు. దుంగ బరువు ముందే చూసి తీసేశాం. మొదటిసారి 74 చూపించింది, అంటే 222 కిలోలు. తక్కువ. గ్రైండరును, నీళ్ల డబ్బాను ఇరుసు మీదినుంచి ముందు మంచం కిందికి జరిపాం, వెనక అలమరలో దాచిన పనిముట్ల పెట్టెను ఇరుసు దగ్గరికి తెచ్చాం. 88. మూడింతలు 264.

మర్నాడు మళ్లీ అదే వేబ్రిడ్జి. ఈసారి జోడీగా, ఇరుసు ఇరుసుకూ ఆగి తూచాం. ముందు ఇరుసు 1,164. వెనక ఇరుసు 1,741. క్యారవాన్ చక్రాల మీద 2,415. మొత్తం 5,320. కాటా గదిలోంచి మనిషి చీటీ చేతికిస్తే బావ ప్రతి అంకె పక్కనా దాని హద్దు రాసి గ్లవ్ బాక్సులో పెట్టాడు. వాళ్లు వెళ్లబోయే హాల్స్ గ్యాప్ క్యారవాన్ పార్కులో కొళాయి ఉంది కాబట్టి 95 లీటర్ల రెండో నీళ్ల ట్యాంకు ఖాళీగానే ఉంది.

"ఎంత మీద పోదాం?" అంది అక్క.

"తొంభై" అన్నాడు బావ.